యూనివర్సిటీ పరిపాలనా భవనం ముందరి లాన్ గారికి విన్నపం

మహారాజశ్రీ లాన్ గారి దివ్యసముఖమునకు,

విషయం: తమ ఎకరంలో ముప్పావు వంతుకు స్వచ్ఛంద పదవీ విరమణ ఇప్పించుట గురించి.

అయ్యా,

ప్రొఫెసర్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నా, హాస్టల్ కుళాయిలో గాలి తప్ప ఏమీ రాకపోయినా తమ స్నానపానాలకు మాత్రం ఏనాడూ లోటు జరగలేదు. మే నెల ఎండలో చదరపు మీటరుకు రోజూ 5 లీటర్లు పడందే తమరు పచ్చగా ఉండలేరు. ఎకరమంటే 4,000 చదరపు మీటర్ల పైమాటే. అంటే రోజుకు 20,000 లీటర్లు, పెద్ద ట్యాంకర్లు నాలుగు. ఇక మిట్టమధ్యాహ్నం స్ప్రింక్లర్ తిప్పి, సగం ఆకాశానికి ధారపోస్తే లెక్క ఇంకా పెరుగుతుంది. ఇంత తాగి తమరు వెలగబెట్టే ఉద్యోగం, రెండో అంతస్తు కిటికీలోంచి చూసేవారికి ఆకుపచ్చగా కనపడటం. పొరపాటున ఎవరైనా కాలు పెడితే సెక్యూరిటీ ఈల.

తమ జన్మవృత్తాంతం తెలియనిది కాదు. విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే నాక్ బృందం వస్తోందని తెలిశాక లారీల్లో దిగారు. కింద జేసీబీ తొక్కి గట్టిపడ్డ మొరం, దాని మీద రెండంగుళాల ఎర్రమట్టి, ఆపైన పలకలుగా కోసి పరిచిన కొరియన్ గ్రాస్. మొరాన్ని అడుగు లోతు తవ్వి గుల్ల చేయాలని, చివికిన పశువుల ఎరువు కలపాలని, వేళ్లకు కనీసం ఎనిమిది అంగుళాల మెత్తటి మట్టి ఉండాలని మాలీకి తెలుసు. టెండరుకు తెలియదు. బృందం వెళ్లాక ముందు అంచులు పండాయి. తర్వాత ఎర్రమట్టితో పాటు ఉచితంగా వచ్చిన తుంగ తలెత్తింది. దాన్ని పైపైన పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపల కులాసాగా ఉండి మళ్లీ మొలుస్తుంది. ఇవాళ తమలో సగం తుంగే. అయినా దూరం నుంచి అంతా పచ్చగానే ఉంది కనుక గ్రీన్ ఆడిట్‌కు ఢోకా లేదు.

అసలు తగువు నీళ్లతో కూడా కాదు. తమకు చెట్టంటే గిట్టదు. రోజుకు ఆరు గంటలు నేరుగా ఎండ తగలకపోతే పలచబడిపోతారు. అందుకని తమ చుట్టుపక్కల నీడనిచ్చే చెట్టు నాటనివ్వరు. వరసగా రాయల్ పామ్‌లు మాత్రం నిలబెట్టారు. ఆ నీడలో కూర్చోవాలంటే మనిషి కరెంటు స్తంభమంత సన్నగా ఉండాలి. పైగా ఎండలో నాలుగు గ్రానైటు బెంచీలు. ఏప్రిల్‌లో వాటి మీద కూర్చున్నవాడు వెంటనే లేస్తాడు.

కాబట్టి మా మనవి. తమరు పావు ఎకరంలో సుఖంగా ఉండండి, సాయంత్రాలు పిల్లలు కూర్చుంటారు, ఈలలు మానిపించండి. తొక్కుడు పడేచోట కొరియన్ గ్రాస్ కన్నా మన గరికే నయం. ఏమైపోయినా నాలుగు వానలకు మళ్లీ లేస్తుంది. మిగతా ముప్పావు ఎకరంలో ఏడేసి మీటర్ల ఎడంతో 60 మొక్కలు పడతాయి. ఒక్కో మొక్కకు వారానికి రెండుసార్లు, రెండేసి బిందెలు. అన్నిటికీ కలిపి వారానికి ఒక్క ట్యాంకరు చాలు. అదీ మొదటి రెండు మూడు ఎండాకాలాలే.

ఏ మొక్కలంటారా? కానుగ, వేప. రెండూ శివరాత్రి అటూఇటూగా ఆకు రాల్చినా, ఎండలు ముదిరేసరికి కొత్త చిగురుతో నిండుతాయి. గుల్మొహర్ వద్దు. నీడ కావలసిన ఏప్రిల్‌లో బోడిగా ఉంటుంది, గాలివానకు కొమ్మ విరుచుకుపడుతుంది. ఏడాకుల పాల సంగతి విశాఖవాసుల్ని అడగండి. 2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత త్వరగా పెరుగుతుందని విరివిగా నాటారు, ఇప్పుడు చలికాలం మొదలైతే ఆ పూల ఘాటుకు తలుపులు మూసుకుంటున్నారు. శాంతినికేతన్‌లో స్నాతకోత్సవానికి ఇచ్చేది ఈ చెట్టు ఆకే. అక్కడి గౌరవం అక్కడ ఉండనిద్దాం, క్లాసు కిటికీ కింద మాత్రం వద్దు.

గొయ్యి మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు. మొరంలో నున్నగా తవ్వితే అది కుండీ అయిపోతుంది, వానాకాలం నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. గడ్డపారతో గోడల్ని గీకి పగుళ్లు పెట్టాలి. ఇక ముఖ్యఅతిథి గారు నాటేటప్పుడు నల్ల ప్లాస్టిక్ కవరు చించి నాటారో లేదో ఫొటోగ్రాఫర్ వెళ్లాక ఒకసారి చూడండి. తరచూ కవరుతోనే పాతిపెడుతుంటారు. వేళ్లు లోపలే చుట్టుకుని, రెండేళ్లకు మొక్క చస్తే నెపం ఎండ మీదికి పోతుంది.

బెంచీని చెట్టుకు తూర్పున వేయించండి. ఎండాకాలం మూడు గంటలకు నీడ పడేది అటే. ఇంకా మంచిది, రచ్చబండ. ఒకటిన్నర అడుగు ఎత్తున గుండ్రంగా అరుగు. అయితే అరుగు లోపల మట్టి నింపి మొదలును కప్పేయకూడదు, బెరడు కుళ్లుతుంది. మొదలు చుట్టూ మూడడుగులు పాత నేల మట్టమే వదలాలి, సిమెంటు పోయకూడదు.

తమ చుట్టూ ఆరంగుళాల కర్బు, అదే ఆ సిమెంటు గట్టు, ఎందుకో మాకు అంతుపట్టదు. వాన నీళ్లు తమలోంచి పొంగి రోడ్డు మీదికి, రోడ్డు మీంచి డ్రైనేజీలోకి పోతాయి. తమ మట్టం బాట కన్నా నాలుగంగుళాలు కిందికి దించి, కర్బును పది అడుగులకోసారి తెగ్గొట్టి, ఆ మూతుల దగ్గర మట్టి కోసుకుపోకుండా రాళ్లు పేరిస్తే రోడ్డు నీళ్లు కూడా తమకే దక్కుతాయి.

బాట విషయం. లైబ్రరీ నుంచి క్యాంటీన్‌కు మూలగా పిల్లలు నడిచి వేసిన మట్టిబాట ఒకటి తమ నడుమ ఉంది. తమరు దానికి ముళ్లకంచె వేయించారు. వాళ్లు కంచె తెంపారు. తమరు ఇంకోటి వేయించారు. ఎవరూ సర్వే చేయకుండా వచ్చిన ఆ డిజైను సరైనదే. దాని మీదే ఆరడుగుల వెడల్పున ఇసుక పరిచి పేవర్లు వేయండి, ముగ్గురు పక్కపక్కన నడుస్తారు. కంచె ఇనుమును తుక్కుకు అమ్మండి.

ఇట్లు,
తమ హద్దు బయట నిలబడ్డ క్యాంపస్ జనం

నకలు: ఎస్టేట్ ఆఫీసరు గారికి, టెండరు పిలిచే ముందు మాలీని సంప్రదించవలెనని కోరుతూ. సెక్యూరిటీ వారికి, ఈల జమ చేయుట నిమిత్తం. తుంగకు, తమ ద్వారా.