నీలం ‘పడలేదు’ అంటే లాభం ఎవరికి?

మా చిన్నాన్న కొడుక్కి అనంతపురం సంబంధం కుదిరింది. నిశ్చితార్థానికి ఏ ఉంగరం కావాలమ్మా అని అడిగితే ఆ పిల్ల నీలం రాయిది కావాలంది, నీలమంటే శని రాయి కదా, ఇంకేముంది, తుగ్గలి దగ్గర మా ఊర్లో ఇంట్లో పెద్ద పంచాయితీ. మా మేనత్త అయితే "శనిని డబ్బులిచ్చి తెచ్చుకుని వేలికి పెట్టుకుంటారా ఎవరైనా" అని మూడు రోజులు అదే పాట. అమ్మాయి బ్రిటన్ యువరాణి డయానా ఉంగరం ఫోటో పంపింది, 1981లో నిశ్చితార్థానికి పెట్టుకున్న 12 క్యారెట్ల సిలోన్ (శ్రీలంక) నీలం, చుట్టూ వజ్రాలు. అత్త అది చూసి "ఆమె కాపురం ఏమైందో తెలీదా మనకు" అనేసింది. అదే ఉంగరం 2010 నుంచి కోడలు కేట్ వేలికి ఉంది కదత్తా, ఆమె బాగానే ఉంది కదా అంటే మాత్రం లేచి వంటింట్లోకి పోయింది.

నమ్మకంతో నాకు గొడవ లేదు, ఏలినాటి శని అంటే పావగడ శనీశ్వరుడి గుడికి పోయి వచ్చినోళ్లం మేమూ. నాకు మండేది ఎక్కడంటే, నీలం కొనేటప్పుడు అందరూ అడిగేది ఒక్కటే, పడుతుందా పడదా అని. దిండు కింద పెట్టుకుని మూడు రాత్రులు పడుకో, చెడ్డ కల రాకపోతే వేసుకో. సరే, కానీ ఆ రాయిని ఏం చేసి తెచ్చినారు అని అడిగేవాడేడీ? రాయి పగిలిందనుకోండి, మన దోషం అది తీసుకుని పోయిందిలే అని దండం పెట్టేస్తాం, రంగు పోయిందనుకోండి, మనకు పడలేదులే అంటాం. నాసిరకం రాయి అమ్మేవాడికి ఇంతకన్నా మంచి గ్యారంటీ కార్డు ఎవరిస్తారు చెప్పండి.

ప్రొద్దుటూరు పోయినాం, బంగారం అంటే మా సీమలో అదే కదా. ఒక షాపులో ట్రే ముందర పెట్టి "జాతి నీలం అన్నా, ఐదు రత్తులు" అన్నాడు. రత్తి అంటే గురిగింజ ఎత్తు, కానీ బంగారం తూచే రత్తి వేరు, రాళ్లు తూచే రత్తి వేరు, షాపు మారితే అదీ మారుతుంది. క్యారెట్ అయితే ఎక్కడైనా 200 మిల్లీగ్రాములే. క్యారెట్లలో చెప్పన్నా, ల్యాబ్ సర్టిఫికెట్ ఉందా అంటే "పేపర్ దేనికన్నా, పడకపోతే తెచ్చియ్యండి, మార్చిస్తాం" అన్నాడు. చూసినారా, మళ్లీ అదే మాట!

షాపు లైట్ల కింద నెమలి మెడలాగా మెరుస్తా ఉన్న రాయిని బయట ఎండలోకి తెస్తే సిరా బుడ్డిలాగా నల్లగా అయింది. లూప్, అదే రాళ్లు చూసే చిన్న భూతద్దం, పెట్టి చూస్తే లోపల గుండ్రంగా చిన్న చిన్న బుడగలు, సోడా సీసాలో ఉన్నట్టు. ఇట్లాంటి గుండ్రటి బుడగ కనిపించిందంటే అనుమానించాల్సిందే, ఉత్త గాజన్నా కావాలి, ల్యాబులో మంటతో చేసిన రాయన్నా కావాలి, లేదంటే పగుళ్లున్న పనికిరాని రాయిలో సీసం కలిసిన నీలి గాజు కరిగించి నింపిందన్నా కావాలి. అట్లా నింపిన రాయికి నిమ్మరసం తగిలినా గాజు తినేస్తుంది, ఉంగరం సైజు తగ్గించాలని కంసాలి మంట పెడితే ఇంక చెప్పక్కర్లేదు. ఊరగాయలు కలిపే చేతికి అది ఎన్నాళ్లు ఆగుతుంది?

అసలు నీలం అట్లాంటిది కాదు, గట్టి రాయి. కురువిందం అనే ఖనిజం, కెంపు కూడా అదే, ఎరుపైతే కెంపు, ఇనుము, టైటానియం కలిసి నీలిరంగు వస్తే నీలం. గట్టిదనంలో పదికి 9, వజ్రం 10. మన దుమ్ములో ఉండే ఇసుక 7 కాబట్టి రోజూ వేసుకున్నా గీతలు పడవు. కాల్చిన రాయి అంటే కూడా భయపడక్కర్లేదు, బజారులో ఉన్న నీలాల్లో ఎక్కువ శాతం రంగు తేలడానికి బాగా వేడి చేసినవే, ఆ రంగు అట్లే ఉంటుంది. కాకపోతే కాల్చని రాయికి రేటు బాగా ఎక్కువ, అందుకే ఏదన్నది సర్టిఫికెట్లో ఉండాలి, నోటిమాట కాదు. ల్యాబులో చేసిన నీలం కూడా కొత్తదేం కాదు, ఫ్రాన్సులో వెర్నూయ్ అనే ఆయన మంటలో కెంపులు తయారు చేసే పద్ధతి 1902లోనే బయటపెట్టినాడు, అదే పద్ధతిలో తర్వాత నీలాలూ వచ్చినాయి, ఖరీదైన వాచీలకు వేసే సఫైర్ గ్లాసు కూడా ల్యాబు సరుకే. తెలిసి తక్కువకు కొనుక్కుంటే తప్పేముంది, దాన్ని గనిలోది అని అమ్మితేనే మోసం.

ఇంకొకటి, హాల్‌మార్క్ ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ ముద్ర, ఆ ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు బంగారానికే, రాయి గురించి అది ఒక్క ముక్క చెప్పదు. బిల్లులో రాయి బరువు వేరే, బంగారం బరువు వేరే రాయించుకోండి, ఐదు క్యారెట్లంటే ఒక గ్రాము, ఇప్పటి రేట్లలో ఆ గ్రాముకు బంగారం ధర కట్టేస్తే ఎంత పోతుందో లెక్కేసుకోండి.

మా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరి పడంగానే జనం వజ్రాల కోసం వంగి వెతుకుతారు, దొరికినోడికి రాయి విలువ తెలీదు, వ్యాపారి చెప్పిందే రేటు. అక్కడ అమ్మేవాడి చేతిలో కాగితం లేదు, ఇక్కడ కొనేవాడి చేతిలో లేదు, రెండుచోట్లా తెలిసినోడు మాత్రం వ్యాపారే.

చివరికి ఇంకో షాపులో, ఒక క్యారెట్టు దాటిన సిలోన్ రాయి, కాల్చింది అని సర్టిఫికెట్లోనే ఉంది, లేత నీలం, ఎండలో కూడా నీలంగానే కనబడింది, అది తీసుకున్నాం. అదే బరువు వజ్రం కన్నా కొంచెం చిన్నగా అనిపిస్తుంది, నీలం బరువైన రాయి కాబట్టి. 18 క్యారెట్ల బంగారంలో (ఇక్కడ క్యారెట్ అంటే బరువు కాదు, బంగారం స్వచ్ఛత) అంచు మొత్తం మూసి పొదిగించినాం, రాయిని గోళ్లలాగా పట్టుకునే సెట్టింగ్ అయితే చీరకు తగులుకుంటుందని అమ్మాయే చెప్పింది. అత్త ఉంగరం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, బాగానే ఉందిలే అంది, నిశ్చితార్థం మాత్రం శనివారం పెట్టొద్దని గట్టిగా పట్టుబట్టింది, ఆదివారానికి మార్చినాం.