గమ్ము పువ్వుకి ఫస్టు ప్రైజు

కుండీ మొక్కల పోటీకి పది రోజుల ముందే కాక్టస్‌కి నీళ్లు ఆపాలి. మన డెల్టా గాలిలో తేమకి అంతకన్నా ఆలస్యం చేస్తే మొదలు మెత్తబడుతుంది. ముళ్ల మధ్య దుమ్ము పొడి పెయింటు బ్రష్షుతోనే దులపాలి. ఎచెవేరియా, అంటే దళసరి ఆకులు గులాబీపువ్వులా పేర్చినట్టుండే మొక్క, దాని ఆకుల మీది తెల్లపొడిని ముట్టుకోనే కూడదు, చెరిగిన చోట మళ్లీ రాదు. ఇవన్నీ పాటించి, రెండు పాళ్లు ముతక ఇసుక, ఒక పాలు ఇటుక ముక్కలు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపి పెంచిన ఎచెవేరియా కుండీని ఆటోలో ఒళ్లో పెట్టుకుని పట్టుకెళ్లాం. వెళ్లగానే ఓ కుర్రాడు స్ప్రే డబ్బాతో వచ్చి, "ముఖ్య అతిథిగారు వచ్చేసరికి కళకళలాడాలండీ" అంటూ అన్నిటికీ తలంటు పోసేశాడు. ఎచెవేరియా మచ్చల చిరుతపులైంది. సరే, దాని కథ అక్కడితో సరి.

అసలు సంగతి పక్క కుండీది. బన్నీ ఇయర్స్, అంటే మన చేలగట్ల మీది నాగజెముడుకి మెక్సికో చుట్టం. నెత్తిన గులాబీరంగు పువ్వు! ఆ జాతి పూసేది పసుపు. అదీ మట్ట అంచున కన్నులోంచి మొగ్గ తొడిగి పూస్తుంది, నడినెత్తిన బొట్టుబిళ్లలా అతుక్కుని కూర్చోదు. ఇది రంగేసిన ఎండు స్ట్రాఫ్లవర్, అంటే కాగితంలా ఎండే వేరే మొక్క పువ్వు, కింద వేడి గమ్ము. నాలుగు కుండీలు ఎక్కువ అమ్ముడవడానికి అంటించే సరుకు.

"నాలుగు నెలల్నించీ ఇలాగే పూసి ఉందండీ" అంది యజమానురాలు. జడ్జిగారు "నాలుగు నెలలే!" అని మార్కులు వేసుకున్నారు. నిజం పువ్వుకి రెండు రోజులు దాటితే గొప్ప.

ఈలోగా స్ప్రే తడికి పువ్వు మెల్లగా ముడుచుకుంది. "చూశారా, ప్రాణం ఉంది కాబట్టే ముడుచుకుంది!" అన్నారు జడ్జిగారు. అయ్యా, అవి రేకులు కూడా కావు, ఎండిన పుష్పపుచ్ఛాలు, అంటే పువ్వు చుట్టూ ఉండే ఆకుల్లాంటివి. తడికి ఒక వైపు ఎక్కువ ఉబ్బి ముడుచుకుంటాయి, ఎండితే విచ్చుకుంటాయి, తడి తలుపు బిగుసుకున్నట్టే, దానికి ప్రాణం అక్కర్లేదు అని మనం మొదలెట్టాం. ఎవరు వింటారు? టేబుల్‌ఫ్యాన్ తిప్పితే పువ్వు విచ్చుకుంది. జనం దణ్ణం పెట్టేలా ఉన్నారు.

ఉక్రోషం ఆగక పువ్వు పట్టుకుని లాగింది మనమే. పువ్వూ గమ్మూ మట్ట తోలుతో సహా ఊడొచ్చాయి. బన్నీ ఇయర్స్‌కి పెద్ద ముళ్లుండవు. ఒక్కో కన్నులో వందల కొద్దీ నూగుముళ్లు, కొసన వెనక్కి తిరిగిన కొక్కేలతో. పదేళ్లుగా అందరికీ "పట్టకారుతోనే పట్టుకోండి" అని చెప్పే చెయ్యే అది. రుద్దితే ఇంకా లోపలికి దిగుతాయని తెలిసీ ప్యాంటుకి రుద్దాం. ముందు పట్టకారుతో లాగి, మిగిలినవాటికి ఫెవికాల్ పూసి ఎండాక ఒలవాలి. అక్కడున్న గమ్మల్లా ఆ పువ్వు కిందిదే.

"అసూయండీ ఆయనకి" అన్నారెవరో. పువ్వు మళ్లీ అంటించారు. మైకులో ఫస్టు ప్రైజు చదివారు.

"అందరూ చప్పట్లు కొట్టాలి... ఆ ఎచెవేరియా గారూ, మీరు కూడానండీ!"