ఉత్తరం చదివిపెట్టే మనిషి అక్కర్లేదిప్పుడు

దుబాయ్ నుంచి, మస్కట్ నుంచి వచ్చిన ఉత్తరం పట్టుకుని బడిపంతులు ఇంటికి నడిచిన ఆడవాళ్లు జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. భర్త రాసిన మాటలను వాళ్లు పరాయి గొంతులో విన్నారు. జవాబూ ఆ పరాయి మనిషి చేతే రాయించారు. అత్తతో గొడవ, ఒంట్లో నలత, తీర్చాల్సిన చేబదులు, ఏది చెప్పుకోవాలన్నా మధ్యలో మూడో మనిషి ఉండేవాడు. చెప్పలేనివి కడుపులోనే ఉండిపోయేవి. కొందరు క్యాసెట్లో మాటలు రికార్డు చేసి, సెలవు ముగిసి తిరిగి వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవారు.

ఇంటర్నెట్ మన జీవితాన్ని ఎలా మార్చిందన్న చర్చలో ఫేక్ న్యూస్, పిల్లల ఫోన్ పిచ్చి గురించే ఎక్కువ వింటాం. చదువు రాని మనిషికి తన మాట తానే చెప్పుకునే చాటు దొరకడం మాత్రం ఆ చర్చలోకి రాదు. నాకు అన్నిటికంటే పెద్ద మార్పు అదే అనిపిస్తుంది. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ 2013లో వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. మైకు బొమ్మ మీద వేలు పెట్టి మాట్లాడటానికి అక్షరాలతో పనేముంది? యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయకపోతే మనవాళ్లు ఐఎంఓ, బోటిమ్ యాప్‌లు పట్టుకున్నారు.

రాయచోటి, రాజంపేట వైపు వెళ్తే కథ ఇంకోలా ఉంటుంది. అక్కడ చాలా ఇళ్లలో కువైట్ వెళ్లింది తల్లి. ఇంటిపని చేస్తుంది, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. యజమాని ఇంట్లో అందరూ పడుకుని ఆమెకు తీరిక దొరికేసరికి రాత్రి పదకొండు అయిందనుకుందాం. ఇక్కడ ఒకటిన్నర. కాల్ చేస్తే బిడ్డ నిద్ర లేవాలి. అందుకే రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెడుతుంది. జడ వేయించుకుంటూ ఆ పిల్ల పొద్దున అది వింటుంది. మళ్లీ మళ్లీ వింటుంది. కాల్‌కు లేని సుఖం అదే.

అయితే చాటు ఇచ్చిన ఫోనే కాపలా కూడా కాస్తోంది. 2014 నవంబరులో వాట్సాప్‌లో, మెసేజ్ చూశారని చెప్పే నీలం టిక్కులు వచ్చాయి. ‘చూసి కూడా జవాబు ఇవ్వలేదేం?’ అన్న ప్రశ్న వాటితోపాటే వచ్చింది. వీడియో కాల్ వచ్చాక ‘కెమెరా తిప్పు, పక్కన ఎవరున్నారో చూపించు’ అనే భర్తలు తయారయ్యారు. ఒకప్పుడు నెలరోజులు ఉత్తరం రాకపోతే పోస్టు ఆలస్యమైందనుకునేవారు. ఇప్పుడు పది నిమిషాలకే టెన్షన్, ఆ వెంటే అనుమానం. టిక్కులు కనపడకుండా సెట్టింగ్ మార్చుకోవచ్చు కదా అంటారు. మార్చిన మరుక్షణం ‘ఎందుకు దాచావు?’ అని అడిగే ఇంట్లో ఆ సెట్టింగ్ దేనికి పనికొస్తుంది?

ఇంతకంటే నన్ను భయపెట్టేది ఫోన్ లాక్కునే యజమాని. 2024లో కువైట్ ఎడారిలో పశువుల పనిలో చిక్కుకున్న అన్నమయ్య జిల్లా కార్మికుడు తన గోడు వీడియోలో చెప్పుకున్నాడు. అది మంత్రి నారా లోకేశ్ దాకా చేరడంతో ఇల్లు చేరగలిగాడు. చేతిలో ఫోన్ లేకపోతే ఆ వీడియో లేదు. పనిమనిషి పాస్‌పోర్టును ఆమె అనుమతి లేకుండా యజమాని దగ్గర పెట్టుకోకూడదని కువైట్ 2015 గృహకార్మికుల చట్టం చెబుతోంది. ఫోన్ విషయంలోనూ అంత స్పష్టమైన షరతు పని ఒప్పందంలో ఉండాలి. విమానం ఎక్కేముందు ఆ షరతును మన అధికారులు ఆమెకు తెలుగులో చదివి వినిపించాలి. రాయబార కార్యాలయం నంబరు ఆమె ఫోన్‌లో అక్కడికక్కడే సేవ్ చేయించాలి.