సవరణ: లిస్ప్ వెనక ఉన్న మిగతావాళ్లు

కృత్రిమ మేధ తొలి రోజుల గురించి మొన్న పెట్టిన పోస్టులో, లిస్ప్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష ప్రస్తావన వచ్చినచోట, "లిస్ప్ భాషను జాన్ మెకార్తీ ఒక్కరే తయారుచేశారు" అని ఉంది. దాన్ని ఇలా మార్చి చదవండి: రూపకర్త మెకార్తీయే, కానీ సమాచారాన్ని జాబితాలుగా పేర్చి ప్రోగ్రామ్ నడిపించే ఆలోచన ఆలెన్ న్యూవెల్, క్లిఫ్ షా, హెర్బర్ట్ సైమన్ అనే పరిశోధకులది. 1956 వేసవిలో అమెరికాలోని డార్ట్‌మౌత్ కాలేజీలో కృత్రిమ మేధపై జరిగిన సదస్సులో న్యూవెల్, సైమన్ తమ పద్ధతిని దాచుకోకుండా అందరికీ వివరించారు. మెకార్తీ అక్కడే దాన్ని అందిపుచ్చుకున్నారు.

ఇంకో పేరు తప్పకుండా చేర్చాలి, స్టీవ్ రస్సెల్. మెకార్తీ సిద్ధాంతం కోసం కాగితం మీద రాసుకున్న 'ఎవాల్' ఫంక్షన్‌ను (లిస్ప్‌లో రాసినదాని విలువను లెక్కగట్టేది) ఆయనే అప్పటి ఐబీఎం 704 కంప్యూటర్ మెషీన్ కోడ్‌లోకి చేత్తో మార్చారు. దాంతో లిస్ప్‌కి పనిచేసే ఇంటర్‌ప్రెటర్, అంటే ఆ భాషలో రాసిన ప్రోగ్రామ్‌ను నేరుగా నడిపించే సాధనం, వచ్చింది. అంత పని చేసిన మనిషి పేరు లేకుండా ఆ కథ చెప్పడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. పాత పోస్టులోనూ ఈ పేర్లన్నీ చేర్చాను.