బాబాయ్, ఆ ఫీజు కట్టకు

ఆ మెసేజ్ ఈ వారంలో నాకు ఐదోసారి వచ్చింది. "45 రోజుల కోర్సుతో కమర్షియల్ అండర్‌రైటర్ అవ్వండి, ఏసీ గదిలో ఉద్యోగం" అని. అండర్‌రైటర్ అంటే బీమా కంపెనీలో ఫ్యాక్టరీలు, గోదాముల రిస్కు చూసి, పాలసీ ఇవ్వాలా, ఎంత రేటుకివ్వాలా తేల్చేవాడు. ఈసారి పంపింది మా బాబాయి. కొడుక్కి ఫీజు కట్టబోతున్నాడట, అందుకే రాయక తప్పట్లేదు.

కోర్సు సంగతి: బీమా కంపెనీలు అడిగేది ముంబైలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా వాళ్ల లైసెన్షియేట్, అసోసియేట్ పరీక్షలు. ఇంట్లో చదువుకుని రాసుకోవచ్చు.

"లెక్కల్లో పులి అయి ఉండాలి" అట. ఎవరో యాక్చువరీతో, అంటే బీమా రిస్కుల్ని గణితంతో లెక్కగట్టేవాడితో, కలిపేశారు. శాతాలు వస్తే చాలు.

"రేటు సాఫ్ట్‌వేరే చెబుతుంది, మీరు ఓకే నొక్కడమే." ఫైర్ టారిఫ్ (అన్ని కంపెనీలకూ ఒకే అగ్నిబీమా రేట్ల పట్టిక) ఉన్న రోజుల్లో, అంటే 2007కి ముందు, ఈ మాట అంటే కొంత ఒప్పుకునేవాణ్ణి. ఇప్పుడు రిస్కు మనిషి చూడాల్సిందే. ఆదిలాబాద్ వైపు ఒక పత్తి జిన్నింగ్ మిల్లు ప్రపోజల్ ఫారంలో హైడ్రెంట్ (మంటలార్పే నీళ్ల పైపు) 'ఉంది' అని టిక్కు పెట్టారు. సాఫ్ట్‌వేర్ నమ్మి డిస్కౌంట్ కూడా ఇచ్చేసింది. వెళ్లి వాల్వ్ తిప్పితే నీళ్లు రాలేదు, బల్లి వచ్చింది.

ఇక అసలు విషం ఇది: "బిజినెస్ చేజారకూడదంటే సమ్ ఇన్సూర్డ్ తగ్గించి ప్రీమియం తక్కువ చూపించండి, కస్టమర్ ఖుషీ."

సమ్ ఇన్సూర్డ్ అంటే సరుకుకు ఎంత విలువ మీద బీమా చేశారన్నది. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో 10 కోట్ల మిర్చి ఉందనుకోండి. మీ తెలివితో 6 కోట్లకే పాలసీ రాశారు. నిప్పంటుకుని 2 కోట్ల సరుకు కాలింది. "6 కోట్లకు కవర్ ఉందిగా, 2 కోట్లూ వస్తాయి" అనుకుంటాడు ఓనరు. రావు. విలువలో ఎంత వంతుకు బీమా చేశారో నష్టంలోనూ అంత వంతే ఇచ్చే యావరేజ్ క్లాజ్ ప్రకారం పదింట ఆరు వంతులు, అంటే 1 కోటి 20 లక్షలే. చిన్న పరిశ్రమల పాలసీల్లో 15 శాతం దాకా తేడాను వదిలేస్తారు, ఇక్కడ తేడా 40 శాతం. మిగతా 80 లక్షలు ఎవరిస్తారు, మెసేజ్ రాసినాయనా? బ్యాంకు మాత్రం 10 కోట్ల సరుకు చూసే లోనిచ్చింది. నష్టం లెక్కగట్టే సర్వేయర్ రిపోర్టు చేతికొచ్చాక కస్టమర్ ఎంత ఖుషీగా ఉన్నాడో ఫొటో తీసి, అది ఫార్వర్డ్ చేయండి.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. "మొదట్లో చచ్చేంత బోర్" అని రాశారే, అది నిజం. నేను పదకొండు నెలలు కొటేషన్ స్లిప్పులు ఎక్సెల్లోకి ఎక్కించాను. చిన్న షాపుల పాలసీలు మనిషి చెయ్యి పడకుండానే వెళ్లిపోతున్నాయి, ఆ మాటా నిజమే.

బాబాయ్, వాణ్ణి శనివారం నా దగ్గరికి పంపు. మిల్లు ఇన్‌స్పెక్షన్ ఉంది. చెప్పులతో కాదు, బూట్లేసుకుని రమ్మను.