జింక్ తగ్గిందని బీపీ మాత్ర మానేసిన మా నాన్న కథ

నిమోనియా తగ్గి పది రోజులైనా కాలేదు, మా నాన్న ఎవరో చెప్పారని ఒక పెద్ద రక్తపరీక్షల ప్యాకేజీ చేయించుకున్నారు. ఖనిజాల్లో జింక్ తక్కువ, సెలీనియం తక్కువ, రాగి ఎక్కువ అని వచ్చింది. కింద "గుండెకు ముప్పు" అని ఒక మాట, రెండు రకాల మాత్రల పేర్లు. ఆయన అవి మొదలుపెట్టి, ఇన్ని మాత్రలు ఎక్కడ మింగేదని బీపీ మాత్ర మానేశారు. నాకు తెలిసేసరికి నెల దాటింది. బీపీ 170/100 ఉంది. ఆ టెన్షన్, ఆ కోపం ఇంకా తగ్గలేదు.

ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు జింక్‌ను లివర్ తనలోకి లాక్కుంటుంది, రక్తంలో అది పడిపోతుంది. సెలీనియం కూడా తగ్గుతుంది. రాగి మాత్రం పెరుగుతుంది. రక్తంలో రాగిని ఎక్కువగా మోసేది సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్, జబ్బు చేసినప్పుడు లివర్ దాన్ని ఎక్కువగా తయారు చేస్తుంది. నిమోనియా నుంచి అప్పుడే లేచిన మనిషి రక్తంలో సరిగ్గా ఈ మూడు మార్పులే కనబడతాయి! పైగా ఒంట్లో ఉన్న మొత్తం జింక్‌లో సీరంలో, అంటే పరీక్ష చేసే రక్తపు నీటి భాగంలో, తిరిగేది ఒక శాతం కూడా ఉండదు.

గుండె జబ్బు ఉన్నవాళ్లలో రాగి ఎక్కువగా కనిపించిందని చెప్పే అధ్యయనాలు ఉన్నాయి. కానీ గుండె రక్తనాళాల్లో పూడిక పేరుకోవడం వెనక కూడా ఇన్‌ఫ్లమేషన్ ఉంటుంది, అంటే ఇన్ఫెక్షన్‌లో రాగిని పెంచే అలాంటి వాపు స్పందనే. రాగి వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల రాగి పెరిగిందా? ఒక్క రక్తపరీక్ష అది తేల్చలేదు.

ఖనిజాలకూ గుండెకూ సంబంధమే లేదని నేను అనను. ఈశాన్య చైనాలోని కేషాన్ ప్రాంతంలో 1935లో బయటపడిన జబ్బుకు ఆ ఊరి పేరే పెట్టారు. గుండె కండరం దెబ్బతిని పిల్లలు, పిల్లలను కనే వయసు ఆడవాళ్లు చనిపోయేవారు. అక్కడి నేలలో సెలీనియం బాగా తక్కువ, కాబట్టి పండిన తిండిలోనూ తక్కువే. వైరస్ పాత్ర కూడా ఉందని తర్వాత తేలింది. 1970లలో పిల్లలకు సోడియం సెలినైట్ అనే సెలీనియం మందు ఇస్తే కేసులు బాగా తగ్గాయి. నిజంగా లోటు ఉన్నచోట ఆ మందు ప్రాణాలు కాపాడింది.

మరి లోటు లేనివాళ్లకు? ప్రోస్టేట్ క్యాన్సర్ రాకుండా ఆపగలదేమో చూడటానికి చేసిన సెలెక్ట్ అనే ట్రయల్‌లో 35 వేల మందికి పైగా మగవాళ్లు పాల్గొన్నారు. సెలీనియం ఇచ్చినవాళ్లకు రోజుకు 200 మైక్రోగ్రాములు ఇచ్చారు. క్యాన్సరూ తగ్గలేదు, గుండె జబ్బులూ తగ్గలేదు. 2008లో మాత్రలు ఆపించేశారు.

ఎక్కువైతే ఏమవుతుందో చూడాలంటే 1960లలో కెనడాలోని క్యూబెక్‌లో జరిగింది చాలు. నురుగు నిలవాలని బీరులో కోబాల్ట్ అనే ఖనిజం కలిపారు. బాగా తాగేవాళ్ల గుండె కండరం పాడై కొందరు చనిపోయారు. జింక్ కూడా నెలల తరబడి ఎక్కువ మోతాదులో వేసుకుంటే పేగుల్లో రాగిని ఒంటికి పట్టనివ్వదు. దాంతో రక్తహీనత వస్తుంది, నరాలు దెబ్బతింటాయి.

గుండె కోసం ఒక ఖనిజాన్ని పరీక్షించాల్సిందే అంటే, హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లకు, అంటే గుండె రక్తాన్ని సరిగ్గా పంపు చేయలేనివాళ్లకు, ఐరన్ చూడాలి. వాళ్లలో ఒంట్లోని ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ పరీక్షలో 100 కంటే తక్కువుంటే, హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఐరన్ లోపమనే డాక్టర్లు లెక్కేస్తారు. సెలైన్‌లా నరం ద్వారా ఐరన్ ఎక్కిస్తే చాలామందికి ఆయాసం, నీరసం తగ్గుతాయి. మాత్రలతో అంత ఫలితం రాదు. అలాగని అందరూ ఐరన్ మింగేయకూడదు. హీమోక్రొమటోసిస్ అనే వంశపారంపర్య జబ్బులో ఐరన్ పేరుకుపోయి అదే గుండెను పాడుచేస్తుంది.

సూదిమందు వేసేముందు అలర్జీ ఉందా అని అడుగుతారు కదా. ఖనిజాల పరీక్షకు రక్తం తీసేముందు కూడా "ఈమధ్య జ్వరం వచ్చిందా?" అని అడగాలి. వచ్చిందంటే కొన్ని వారాలాగి రమ్మని పంపాలి. మా నాన్నను ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు.