బురదలోని సోమరులపై చర్య ఎప్పుడు?

భీమవరం చుట్టుపక్కల వనామి రొయ్యల చెరువుల్లో, రొయ్యకు విషమైన అమ్మోనియా పెరిగిన ప్రతిసారీ నింద విత్తనం మీదో వానల మీదో పడుతోంది. అసలు ముద్దాయిలైన బ్యాక్టీరియా చెరువడుగున బురదలో దర్జాగా కూర్చున్నారు. జీతం తీసుకోనివాడిని సస్పెండ్ చేయడం కుదరదు, అక్కడే వచ్చింది చిక్కంతా.

35 శాతం మాంసకృత్తులున్న మేత టన్ను వేస్తే అందులో నత్రజని 56 కిలోలు. రొయ్య ఒంటికి పట్టేది సుమారు పావు వంతు. మిగిలిన నలభై కిలోలూ రెట్టగా, తినని మేతగా మనం అడుగుకు దయచేస్తున్నాం. అదంతా కుళ్లి అమ్మోనియా అవుతుంది. దాన్ని ఊడ్చిపెట్టడం బ్యాక్టీరియా కనీస ధర్మం. అవి మాత్రం కోరికల చిట్టా విప్పుతాయి. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే ముఠాకు కిలో నత్రజనికి నాలుగున్నర కిలోల ఆక్సిజన్ కావాలట. పైగా ఏడు కిలోల సున్నపురాయికి సమానమైన క్షారత్వం కూడా! కరెంటు బిల్లు మిగుల్తుందని రాత్రి నీటిలోకి గాలి చిలికే ఏరియేటర్లు రెండు కట్టేస్తే తెల్లారేసరికి సమ్మె.

ఇంకో ముఠాకు ఆక్సిజనే గిట్టదు. నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలికి వదిలేసేది అదే. మొదటి ముఠా మట్టి పైపొరలో, కొన్ని మిల్లీమీటర్ల మేర. రెండోది దాని కింద. అడ్డుగోడ లేని ఉమ్మడి కాపురం. రొయ్య ఎంత తిన్నదో చెప్పే చెక్ ట్రే చూడకుండా మేత కుమ్మరిస్తే ఆ పైపొర కాస్తా నల్లబడుతుంది. అప్పుడు సల్ఫేట్ మీద బతికే మూడో రకం దిగి, కుళ్లిన గుడ్ల కంపు కొట్టే విషవాయువుతో హాజరు వేయించుకుంటుంది. చెరువడుగున గొలుసు లాగి బురదను నిద్ర లేపుదామంటే ఆ విషమంతా ఒక్కసారిగా రొయ్య మీదికొస్తుంది.

బద్ధకం సంగతి సరేసరి. మేతను కుళ్లబెట్టే బ్యాక్టీరియా అరగంటలో రెట్టింపవుతుంటే, నైట్రేట్ చేసేవాటికి పూటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అందుకే బ్లీచింగ్‌తో వీటిని ముందే సఫా చేసి, నెల తిరిగాక డబ్బాలో పొడిగా కొనుక్కోవడం శాస్త్రీయ పద్ధతి. ఆ డబ్బాల్లో ఉండే బాసిల్లస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు (స్పోర్లు) కట్టుకుని పొడిలోనూ బతుకుతుంది. నైట్రేట్ చేసేవాటికి ఆ విద్య రాదు, ఎండితే చస్తాయి. అయితేనేం, డబ్బా మీద పేరు అచ్చయింది కదా! దానికి తోడుగా, అమ్మోనియాను పట్టేస్తుందని చల్లే జియోలైట్ ఖనిజం. ఉప్పునీటిలో సోడియమే దాని సీట్లన్నీ ఆక్రమిస్తుంది, అమ్మోనియా బయటే నిలబడుతుంది.

అప్పటికీ లొంగకపోతే ఘాటు సున్నం. పీహెచ్ 8 నుంచి 9కి ఎక్కితే, మన ఎండల్లో అమ్మోనియాలో విషపు వాటా ఆరేడు శాతం నుంచి నలభై దాపుకు చేరుతుంది. క్రమశిక్షణ అంటే అదీ.

రొయ్యల పట్టుబడి అయ్యాక నెర్రెలిచ్చేదాకా చెరువు ఎండబెడితే గాలి తగిలి బురద తేరుకుంటుందని కొందరు అనుభవజ్ఞుల వాదన. అంటే వీటికి వేసవి సెలవులు కూడానన్నమాట! ఇక్కడ మూడో పంటకు మోటారు ఆన్ చేసి అప్పుడే రెండు రోజులైంది.